బిస్మతు వ్యాజ్యెము

ముప్పదియేండ్లు గడచిన దస్తావేజు న్యాయస్థానమునకు వచ్చినపుడు దానికొక ప్రత్యేక మర్యాద జరుగును. అది యుండదగిన చోటినుండియే వచ్చినదని తేలినచో, అందలి చేవ్రాలు నిజమైనదేయని న్యాయాధిపతి యూహింపవచ్చునని సాక్ష్యశాసనము చెప్పుచున్నది. వ్రాసినవాడును సాక్షులును గతించియుందురు గనుక ఈ యూహ యవసరమైనది. అయితే వృత్తిలో క్రొత్తగా ప్రవేశించిన ప్లీడర్లు తఱచుగా మఱచు సంగతి యొకటి కలదు. శాసనము ఊహింపుమన్నది చేవ్రాలు నిజమని మాత్రమే. దస్తావేజులోని సంగతి నిజమని కాదు. ప్రాతకాగితము తాను ప్రాతదని మాత్రమే రుజువు చేయగలదు. తక్కినదంతయు వేఱుగా విచారింపవలసినదే.

ఈ స్వల్పభేదమును మఱచుటచే ఎన్ని భూములు చేతులు మాఱినవో, ఎన్ని కుటుంబములు వీథిపాలైనవో న్యాయస్థానముల గోడలెఱుగును. ప్రకృతిశాస్త్రమునను ఇట్టి మఱపు కలదు. అచ్చుపడి, పట్టికలకెక్కి, ఒక గ్రంథమునుండి వేఱొక గ్రంథమునకు నకలైన యంకెకు అడ్డుప్రశ్న వేయువాడు అరుదు. అట్టి యొక యంకె కారణముగా 2017 వ సంవత్సరమున భౌతికశాస్త్రమునందు ఎంతటి సంశయము పుట్టినదో, మఱుసటియేడు అది యెట్లు తీఱినదో చెప్పి, దానినుండి మన విద్యాలయములును మన పత్రికాపాఠకులును గ్రహింపవలసినదేమో విన్నవించుట ఈ వ్యాసోద్దేశము. కథ జర్మనీ దేశములోనిది. వివాదవస్తువు బిస్మతు అను లోహము.

బిస్మతు సీసమునకు తరువాతి స్థానముననుండు బరువైన లోహము. అజీర్తికిచ్చు కొన్ని మందులలో దీని లవణములు చేరుచుండును. దీని పరమాణువు నడుమ 83 ప్రోటానులు గల కేంద్రకమును, దానిచుట్టు 83 ఎలక్ట్రానులును ఉండును. పరమాణువులను మహావేగముతో పలుచని ఱేకుగుండ దూసికొనిపోవునట్లు చేసి అందు 82 ఎలక్ట్రానులను ఒలిచివేయవచ్చును. అపుడు మిగిలిన యొంటి ఎలక్ట్రాను, తోడివారి యడ్డు లేక, కేంద్రకమునకు మిక్కిలి చేరువగా మెలగును. అచ్చట దానికి తగులు విద్యుదయస్కాంత బలములు తేలికపాటి పరమాణువులలోనివానికంటె పదిలక్షల రెట్లు అధికములు. ఇట్లు ఒలువబడిన పరమాణువును అధికావేశము గల అయాను అందురు.

కేంద్రకమొక చిన్న అయస్కాంతము. ఎలక్ట్రాను మఱియొక చిన్న అయస్కాంతము. ఈ రెండును ఒకే దిక్కునకు మొగము పెట్టియున్నపుడొక శక్తి, ఎదురెదురు దిక్కులకు మొగము పెట్టియున్నపుడు వేఱొక శక్తి. ఆ భేదమునకు సరిపడు కాంతి తగిలినచో అయాను ఒక స్థితినుండి రెండవ స్థితికి మాఱును. ఉదజనిలో ఈ మార్పునకు 21 సెంటీమీటర్ల రేడియో తరంగము చాలును; ఆకాశములోని ఉదజని మేఘములను ఖగోళశాస్త్రజ్ఞులు గుర్తించుచున్నది ఈ తరంగముతోడనే. ఒంటి ఎలక్ట్రాను గల బిస్మతులో ఇదే మార్పునకు 244 నానోమీటర్ల యతినీలలోహిత కాంతి కావలెను. నానోమీటరనగా సెంటీమీటరులో కోటియవ భాగము. అనగా తరంగము ఎనిమిది లక్షల రెట్లకు పైగా కుదించుకొనిపోయినదన్నమాట.

కాంతియు ఎలక్ట్రానును పరస్పరము వర్తించు తీరును చెప్పునది క్వాంటము విద్యుద్గతిశాస్త్రము. తేలిక పరమాణువుల విషయమున దాని గణితము ప్రయోగములతో అనేక దశాంశస్థానములవఱకు సరిపోయినది. కాని నెమ్మదిగా నడిగినపుడు నిజము చెప్పిన సాక్షి, గట్టిగా నిలదీసినపుడును ఆ మాటమీదనే నిలుచునా? ఒలువబడిన బిస్మతు ఆ సిద్ధాంతమును నిలదీయు బోను. ఇందులకే శాస్త్రజ్ఞులు దానిని ఎన్నుకొనిరి.

కొలుచుట యెట్లు? డార్మ్‌స్టాట్ పట్టణపు చెంతనున్న జి.ఎస్.ఐ. అను పరిశోధనాలయమున 108 మీటర్ల చుట్టుకొలత గల యొక వలయము కలదు. గాలి తీసివేసిన గొట్టములో, అయస్కాంతముల పట్టున, అయానులు అందు సెకనునకు దాదాపు ఇరువది లక్షల చుట్లు తిరుగును. వాని వేగము కాంతివేగములో నూటికి 71 వంతులు. ఇట్లు పరుగెత్తువానికి ఎదురుగా లేసరు కాంతిని పంపుదురు. మనవైపు వచ్చు రైలుబండి కూత హెచ్చుస్థాయిలో వినబడి, దాటిపోవునపుడు తగ్గినట్లే, ఎదురుగా వచ్చు కాంతి అయానునకు కుదించుకొనిన తరంగముగా తోచును. ప్రయోగశాలలో 591 నానోమీటర్ల నారింజవన్నె కాంతియే అయాను దృష్టికి 244 నానోమీటర్ల యతినీలలోహితమగును. అది సరిగా కుదిరిన క్షణమున అయానులు ఆ కాంతిని మ్రింగి మరల వెలార్చును. ఆ వెలుగును లెక్కించి, కుదిరినదో లేదో తెలిసికొందురు. 1994 లో ఈ మార్పును లేసరుతో మొట్టమొదట చూచినది ఇచ్చటనే.

అయితే ఈ లెక్కయంతయు అయానుల వేగముపై నాధారపడియున్నది. వేగము తప్పినచో అంతయు తప్పును. అయానులతో సమానవేగమున ఒక ఎలక్ట్రానుల ప్రవాహమును కొంతదూరము నడపించుదురు. ఆ ఎలక్ట్రానులకు వేగమిచ్చిన విద్యుత్పీడనము, అనగా రెండులక్షల వోల్టులకు పైబడినది, ఎంతో తెలిసినచో వేగము తెలియును. 2011 లో జరిగిన ప్రయోగమున ఈ వోల్టుల కొలతయే బలహీనమైన సాక్ష్యమాయెను. కావున 2014 లో మరల ప్రయోగము చేసినపుడు జర్మనీ జాతీయ ప్రమాణసంస్థనుండి మిక్కిలి నికరమైన కొలత పరికరమును తెచ్చి యమర్చిరి. తమ సాక్షి బలహీనతను ప్రతిపక్షము కనిపెట్టకముందే తాము కనిపెట్టి, దానిని బలపఱచినవారు వీరు.

ఇంకొక చిక్కు కలదు. కేంద్రకము చుక్క కాదు. దానికొక వైశాల్యము కలదు, దానిలో అయస్కాంతత్వ మెట్లు పరచుకొనియున్నదో నికరముగా తెలియదు. ఈ తెలియనితనము గణితమును మసకపఱచును. దీనికి సెంట్ పీటర్స్‌బర్గునందలి షబాయెవు మొదలగువారు 2001 లో ఒక యుపాయము చెప్పిరి. ఒక ఎలక్ట్రాను గల బిస్మతును, మూడు ఎలక్ట్రానులు గల బిస్మతును, రెంటిని కొలువుడు. కేంద్రకము చేయు అల్లరి రెంటియందును ఒకే తీరుదిగనుండును గనుక, తగిన పాలు గుణించి ఒకదానినుండి వేఱొకదానిని తీసివేసినచో ఆ మసక చాలవఱకు తొలగిపోవును. ఒకే పక్షపాతము గల యిద్దరు సాక్షులను ప్రక్కప్రక్కన నిలిపి, వారి మాటలలోని భేదమునుండి నిజమును పట్టుటవంటి దిది. మూడు ఎలక్ట్రానుల బిస్మతునకు 1555 నానోమీటర్ల పరారుణకాంతి కావలెను. 640 నానోమీటర్ల ఎఱ్ఱని లేసరును ఈసారి వెనుకనుండి తరిమినట్లు పంపిరి. తరంగము సాగి సరిపోయినది.

ఈ కొలతల ఫలితము 2017 లో ప్రకటితమైనది. సిద్ధాంతము చెప్పిన భేదమునకును, కొలచిన భేదమునకును పొత్తు కుదురలేదు. కొలతలో సంభవింపదగిన సందేహ మెంతయో, దానికి ఏడురెట్లు తేడా వచ్చినది. ఇంతటి తేడా కేవలము కాకతాళీయమనుట కష్టము. పరిశోధకులు తమ వ్యాసమునకు పెట్టిన పేరులోనే, బిస్మతు కొలతలు ఆ మహాసిద్ధాంతమును సవాలు చేయుచున్నవను నర్థము గలదు. బోనులో ఇద్దఱు ముద్దాయీలు నిలిచిరి. సిద్ధాంతమైన తప్పవలెను, లేదా ప్రయోగమైన తప్పవలెను. మూడవవాడొకడు సభలో వెనుకవరుసను కూర్చుండి యున్నాడని యపుడు తలచినవారు తక్కువ.

ఇట్టి యెడల తీర్పునకు తొందరపడరాదని చెప్పుటకు మన దేశముతో సంబంధము గల పూర్వోదాహరణ యొకటి కలదు. 1868 ఆగస్టు 18 వ తేదీని సంపూర్ణ సూర్యగ్రహణము మన తీరమునకు వచ్చెను. ఫ్రాన్సునుండి జాన్సెను గుంటూరునందును, మద్రాసు నక్షత్రశాలనుండి పాగ్సను బందరునందును వర్ణపటదర్శకములతో నిలిచిరి. సూర్యుని అంచున లేచిన జ్వాలల వెలుగులో ఒక పసుపుపచ్చని గీత కానవచ్చెను. అది సోడియపు గీతలకు చేరువయే గాని సోడియపుది కాదు. ఆ యక్టోబరులో ఇంగ్లండునందు లాకియరు గ్రహణముతో పనిలేకయే దానిని చూచెను. అది క్రొత్త మూలపదార్థమునకు చెందినదని నిర్ణయించి హీలియమను పేరు వచ్చెను. 1895 లో రామ్సే భూమిమీదనే ఒక ఖనిజమునందు దానిని పట్టెను. అచ్చట క్రొత్తది నిజముగా క్రొత్తదే యాయెను.

మఱుసటియేడు, 1869 ఆగస్టు 7 న, అమెరికాలో గ్రహణము పట్టెను. యంగు, హార్కునెసు అను నిరువురు సూర్యుని కిరీటపు వెలుగులో నొక ఆకుపచ్చని గీతను చూచిరి. ఇదియు తెలిసిన యే పదార్థమునకును సరిపోలేదు. క్రిందటియేటి విజయము కండ్లయెదుట నుండెను గనుక దీనికిని ఒక క్రొత్త మూలపదార్థమును కల్పించి కరోనియమని నామకరణము చేసిరి. డెబ్బదియేండ్లు కరోనియము గ్రంథములలో నివసించెను. తుదకు 1939 లో గ్రోట్రియనును, ఆ తరువాతి కొలదియేండ్లలో స్వీడను దేశస్థుడగు ఎడ్లేనును తేల్చినదేమనగా, ఆ గీత ఇనుముది. మన నాగలి కఱ్ఱునందు, మన కొడవలియందు నున్న యినుమే; పదుమూడు ఎలక్ట్రానులు ఒలువబడినది. ఇదియు అధికావేశము గల అయానే.

అంతకాలము అది యేల దొరకలేదు? ఇనుమును అంతగా ఒలుచుటకు పదిలక్షల డిగ్రీలకు మించిన వేడి కావలెను. సూర్యుని యుపరితలము ఆఱువేల డిగ్రీల లోపుది. దానికి దవ్వగానున్న కిరీటము ఇంకను చల్లగా నుండునని అందఱును తలచిరి. ఆ తలంపును ఎవరును సాక్షిబోను ఎక్కింపలేదు. గీత తప్పు చెప్పలేదు, మూలపదార్థముల పట్టికయు తప్పు చెప్పలేదు; అడుగకుండ విడిచిన యూహయే తప్పు చెప్పినది. ఆ కిరీట మేల యంత వేడెక్కుచున్నదో నేటికిని పూర్తిగా తేలలేదు. 2023 సెప్టెంబరు 2 న మన శ్రీహరికోటనుండి బయలుదేరిన ఆదిత్య ఎల్-1 నందలి కిరీటదర్శక పరికరము చూచుటకు ఏర్పఱచుకొన్న గీతలలో ఆ 530.3 నానోమీటర్ల ఆకుపచ్చని గీత యొకటి.

బిస్మతు వ్యాజ్యెమునకు మరల వత్తము. సిద్ధాంతగణితము మొదలిడుటకు ఒక అంకె కావలెను. అది బిస్మతు కేంద్రకము యెంత బలమైన అయస్కాంతమో చెప్పు అంకె. దానిని ఎవరును క్రొత్తగా కొలువలేదు, పట్టికనుండి తీసికొనిరి. పట్టికలో 4.1106 అని యున్నది. సందేహము నాలుగవ దశాంశస్థానమున రెండు మాత్రమే. 1950 దశకపు కొలతలనుండి వచ్చి, గ్రంథమునుండి గ్రంథమునకు నకలైన యంకె యది. ముప్పదియేండ్ల దస్తావేజునకు రెండింతల వయస్సు గలది. చేవ్రాలు నిజమైనదే. కొలచినవారు యోగ్యులే. కాని లోపలి సంగతి?

ఆ కొలతను బిస్మతు నత్రితమును ఆమ్లజలమున కరగించి, బలమైన అయస్కాంతము నడుమనుంచి, రేడియో తరంగములతో చేసిరి. అయితే ద్రావణములోని కేంద్రకము ఏకాంతముగా నుండదు. దాని యెలక్ట్రానులును, చుట్టు చేరిన నీటి యణువులును దానిని కప్పియుండుటచే, వెలుపలి అయస్కాంతబలము లోపలికి మార్పు చెంది చేరును. ఆ మార్పును లెక్కలోనుండి తీసివేయవలెను. ఆ దినములలో ఒంటరి పరమాణువునకు తగిన సవరణ మాత్రమే చేసిరి; చుట్టుప్రక్కల రసాయనపరిసరము చేయు మార్పును గణించుటకు నాటికి సాధనము లేదు. ముసుగు వేసికొన్న మనుష్యుని తూచి, ముసుగు బరువును అంచనాగా తీసివేసినట్లయినది.

2018 లో సెంట్ పీటర్స్‌బర్గు గణితజ్ఞులును డార్మ్‌స్టాట్ ప్రయోగకర్తలును కలిసి ఈ సాక్షిని బోనెక్కించిరి. ఆ ద్రావణములోని మార్పును నేటి గణితపద్ధతులతో లెక్కించిరి. ద్రావణములను మాఱ్చియు, నీటి యణువులకు మాఱుగా ఆఱు ఫ్లోరిను పరమాణువులు బిస్మతును చుట్టియున్న వేఱొక సమ్మేళనమును తీసికొనియు కొలతను మరల జరిపిరి. తేలినది 4.092. తేడా నూటికి అరవంతు కూడ కాదు. కాని ఆ యంకెను సిద్ధాంతగణితమున నుంచినతోడనే ఏడురెట్ల విభేదము మాయమైపోయినది. సిద్ధాంతమును నిర్దోషి, ప్రయోగమును నిర్దోషి. వెనుకవరుస మనుష్యుడే దోషి.

ఇందు రెండు సంగతులను మన పాఠకులు ప్రత్యేకముగా గమనింపవలెనని నా ప్రార్థన.

మొదటిది. క్రొత్త సాక్షి ప్రాత సాక్షికంటె తక్కువ నిశ్చయముతో మాటలాడెను. ప్రాతయంకె సందేహము నాలుగవ దశాంశమున రెండు. క్రొత్తయంకె సందేహము మూడవ దశాంశమున రెండు, అనగా పదిరెట్లు. ఎక్కువ నిబ్బరముతో చెప్పినవాడు తప్పినాడు. ఇంతవఱకే యెఱుగుదునని యొప్పుకొన్నవాడు నిజమునకు చేరువయ్యెను. మా వృత్తిలో ఇది నిత్యానుభవము. నలువదియేండ్లనాటి సంగతిని తేదీ, వారము, గడియతోసహా చెప్పు సాక్షిని చూచినపుడే అనుభవజ్ఞుడైన ప్లీడరు కాగితము బల్లపైనుంచి లేచి నిలుచును. మఱియొక మాట. ఈ తీర్పువలన క్వాంటము విద్యుద్గతిశాస్త్రము ఆ మహాబలముల నడుమ సంపూర్ణముగా రుజువైనదని చెప్పరాదు. అభియోగము వీగిపోయినది, అంతియే. క్రొత్తయంకె సందేహము పెద్దది గనుక పరీక్షయు ఆ మేరకు మొద్దువాఱినది. దానిని మరల పదునుపెట్టవలెను. ద్రావణమును విడిచి, ఒలువబడిన అయానునుండియే కేంద్రకపు అయస్కాంతబలమును కొలువవలెనను ఆలోచన యందులకే.

రెండవది. సవాలు విసరినవారును, ఆ సవాలును వీగజేసినవారును చాలవఱకు ఒక్కరే. 2017 నాటి వ్యాసమున పేర్లున్నవారిలో పలువురు 2018 నాటి వ్యాసమునను ఉన్నారు. ఒక మహాసిద్ధాంతమునకు తప్పు పట్టితిమను కీర్తి చేతికందినంత చేరువలోనుండగా, ఆ కీర్తి నిజముగా తమదేనా యని తామే విచారించి, కాదని తేల్చి, లోకమునకు చెప్పిరి. తనకు అనుకూలమైన దస్తావేజు దొంగదని తెలిసినపుడు దానిని తానే కోర్టునకు విన్నవించు కక్షిదారుని నేను నా వృత్తిజీవితమున వ్రేళ్ళపై లెక్కింపగలను.

దీనిపై రెండు ఆక్షేపణలు రాగలవు. శాస్త్రమే యిట్లు తప్పుచుండగా దానిని నమ్ముటెట్లని కొందఱందురు. ఈ బిస్మతు విషయముననే వారికి ఇంకొక యాయుధము కూడ దొరకును. బిస్మతు ఎన్నడును క్షయింపని మూలపదార్థములలో కడపటిదని చిరకాలము పుస్తకములలో నుండెను. 2003 లో ఫ్రెంచి శాస్త్రజ్ఞులు అదియు క్షయించుచునే యున్నదని కనుగొనిరి. దానిలో సగము క్షయించుటకు విశ్వపు వయస్సునకు నూఱుకోట్ల రెట్లకు మించిన కాలము పట్టును గనుక మన కుపద్రవము లేదు గాని, పుస్తకవాక్యము మాత్రము తప్పినది. నా ప్రత్యుత్తరమిది. అప్పీలు లేని న్యాయస్థానమును నమ్ముదురా, అప్పీలు గల న్యాయస్థానమును నమ్ముదురా? తప్పు దిద్దబడినదని వినినపుడు దిద్దిన పద్ధతిపై విశ్వాసము పెరుగవలెను గాని తరుగరాదు. ఎన్నడును తప్పలేదని చెప్పుకొను శాస్త్రమే అనుమానింపదగినది.

ఇంత శ్రమకు ఫలమేమని మఱికొందఱందురు. ఒలువబడిన పరమాణువులను లేసరుతో పలుకరించు విద్య బిస్మతుతో నాగిపోలేదు. జర్మనీలోని బ్రౌన్‌ష్వైగు ప్రమాణసంస్థలో పదుమూడు ఎలక్ట్రానులు పోయిన ఆర్గాను అయానును చల్లార్చి, పట్టి, దాని ప్రక్కన బెరీలియపు అయానును దుబాసీగా నిలిపి, 2020 లో దాని గీతను మునుపటికంటె పదికోట్ల రెట్లు నికరముగా కొలచిరి. 2022 లో ఆ యయానుతోనే గడియారమును కట్టిరి. దాని సందేహము నూటనలువది కోట్ల యేండ్లకు ఒక సెకను. ఒలువబడిన అయానులోని మిగిలిన ఎలక్ట్రానులు కేంద్రకమును గట్టిగా పట్టుకొనియుండుటచే వెలుపలి యలజడికి చలింపవు. అందుచే అవి మంచి గడియారములగును. ఇక డార్మ్‌స్టాట్ ప్రక్కనే అంతర్జాతీయ సహకారముతో నిర్మింపబడుచున్న ఫెయిరు అను మహాత్వరణాలయమున భారతదేశము 2010 నుండి భాగస్వామి. మన ధనము అందు కలదు. కావున అచ్చట జరుగునది పరాయియింటి పెండ్లి యని చూచి యూరకుండుట మనకు తగదు. ఆ ధనమునకు ప్రతిఫలముగా మనకు రావలసినది యంత్రభాగముల లెక్క మాత్రమే కాదు. ఆ విచారణపద్ధతి మన బిడ్డలకు రావలెను.

వచ్చుచున్నదా? ఇచ్చట నా తప్పును నేనే యొప్పుకొనవలసియున్నది. న్యాయశాస్త్రమునకు పూర్వము నేను భౌతికశాస్త్రము చదివితిని. ఒకనాడు ప్రయోగశాలలో లోలకమును ఊగించి, భూమ్యాకర్షణ వేగవృద్ధిని కట్టవలసివచ్చినది. మూడుమార్లు జాగ్రత్తగా లెక్కించితిని. మూడుమార్లును 978 ప్రాంతముననే వచ్చినది. పుస్తకములో 981 అని యున్నది. ప్రక్కబల్లవాడు తన పుస్తకమును చూపెను, 980.8. నాకు భయము కలిగినది. డోలనకాలమును పిసరంత తగ్గించి వ్రాసితిని, 980.9 వచ్చినది. పూర్తి మార్కులు పడినవి.

పెక్కేండ్ల పిమ్మట తెలిసికొన్న సంగతి యేమనగా, పుస్తకములోని యంకె నలువదియైదవ అక్షాంశమున సముద్రమట్టమునకు తగినది, 980.665 అని 1901 లో అంతర్జాతీయ సభ నిర్ణయించిన ప్రమాణము, దానిని సవరించి 981 అందురు. భూమి ధ్రువముల కడ అణగి నడుమ ఉబ్బియుండుటచేతను, తన చుట్టు తాను తిరుగుటచేతను, భూమధ్యరేఖకు దగ్గఱగానున్న మన తెలుగుతీరమున ఆ యంకె 978.4 మాత్రమే. నా లోలకము నిజము చెప్పినది! అది నా నైపుణ్యమో, యాదృచ్ఛికమో నేను చెప్పలేను. కాని నా యూరి నేల తన మాట తాను చెప్పుచుండగా నేను దాని నోరు మూసి, ఎక్కడిదో యొక అక్షాంశపు మాటను దాని నోట పెట్టితిని. ఆ కూటసాక్ష్యమునకు నాకు బహుమానమే గాని శిక్ష పడలేదు.

అట్టి కూటసాక్ష్యము నేడును మన కళాశాలలలో అలవాటుగా సాగుచున్నదని ఉపాధ్యాయమిత్రులు చెప్పగా వినుచున్నాను. జవాబు ముందు వ్రాసికొని, కొలతలు పిమ్మట పూరించు విద్యార్థికి దండన లేదు. తన కన్ను చూచినదానిని వ్రాసినవానికి మార్కులు లేవు. ఈ పద్ధతిలో పెరిగినవారు రేపు వలయము చెంత నిలిచినను ఏడురెట్ల విభేదమును చూడజాలరు. చూచినను వోల్టుల లెక్కలో నెచ్చటనో సర్దివేయుదురు. పట్టికలోని యంకె అట్లే యుండును. సిద్ధాంతమును ప్రయోగమును కలిసి దానికి పల్లకి మోయుచుండును.

కావున నేను కోరునది స్వల్పము. అధ్యాపకులు విద్యార్థి చూచినది చూచినట్లు వ్రాసినందుకు మార్కులిత్తురుగాక. అంకె పుస్తకముతో సరిపడనపుడు సరిపడకపోవుటకు కారణమేమని యడుగుదురుగాక. ఏ యూరి అంకె, ఎవరు కొలచిరి, దేనిని తీసివేసి లెక్కించిరి యని పట్టికను సైతము ప్రశ్నింప నేర్పుదురుగాక. పఠనమందిరములలో పత్రిక విప్పి చదువు పెద్దలును, ఏదో మహాసిద్ధాంతము కూలినదన్న వార్త వచ్చినపుడు చప్పట్లు కొట్టకయు, నవ్వకయు, మూడు ప్రశ్నలడుగుదురుగాక. కొలచినదేమి? కొలువక తీసికొన్నదేమి? దానిని మరల విచారించువారెవరు?

బిస్మతు వ్యాజ్యెమునందు తీర్పు వచ్చుటకు ఒక సంవత్సరము చాలినది. కరోనియము వ్యాజ్యెమునకు డెబ్బదియేండ్లు పట్టినది. భేదము తెలివిలో లేదు. మొదటిదానియందు వెనుకవరుసను కూర్చున్న సాక్షిని త్వరగా పిలిచిరి. రెండవదానియందు పిలుచుట మఱచిరి. మన ప్రయోగశాలలలోను, మన సభలలోను, మన యిండ్లలోను అట్టి సాక్షులు ఎందఱు కూర్చున్నారో! చేవ్రాలు నిజమైనంతమాత్రమున వారిని విడిచిపెట్టరాదు.